పీడన–ఉష్ణోగ్రత పట్టిక పఠనం: అనంతపురం కరవు పీఠభూమిలో శీతలీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం

శీతలీకరణ యంత్రంలో తిరిగే ద్రవ్యం ఏ పీడనం వద్ద ఏ ఉష్ణోగ్రతలో మరుగుతుందో చెప్పే పట్టిక పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా ప్రయోగశాలల్లో రూపుదిద్దుకొంది. నేడు అది అనంతపురం ప్రాంతంలోని అరటి, చీనీ ఎగుమతులకు ఆధారంగా ఉన్న శీతల గొలుసులో నిత్యావసర పాఠ్యం. ఈ పట్టిక పుట్టుక, అది గేజి ముఖం మీదికి చేరిన తీరు, నీటి ఎద్దడి ఉన్న పీఠభూమిలో దాని అంకెలకు ఏర్పడే ప్రత్యేకార్థం, ద్రవ్యాలు మారినప్పుడు పఠనంలో వచ్చిన చిక్కులు ఈ వ్యాసంలో పరిశీలితమయ్యాయి. కరవు నేలలో కండెన్సర్ పీడనం అనేది యంత్రపు లక్షణం మాత్రమే కాదనీ, అది నీటి లభ్యతకు కొలమానం కూడా అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాష్పపీడనం, శీతలక ద్రవ్యం, అనంతపురం, కరవు, తడి బల్బు ఉష్ణోగ్రత, శీతల గొలుసు.

1. ఉపోద్ఘాతం

2020 జనవరి చివర తాడిపత్రి రైల్వే స్టేషన్ నుంచి 43 శీతల కంటెయినర్లలో సుమారు 980 టన్నుల అరటితో ఒక ప్రత్యేక రైలు ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు బయలుదేరింది. అదే సంవత్సరం సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి దక్షిణ భారతంలో తొలి కిసాన్ రైలు నడిచింది. పత్రికలు ఈ రెండు సంఘటనలను రైతు విజయాలుగా వర్ణించాయి. అది సబబే. అయితే మొదటి రైలులోని ప్రతి కంటెయినరూ ఒక యంత్రం. లోపలి గాలి 13–14 డిగ్రీల వద్ద నిలిస్తేనే కాయ పచ్చిగా ఓడరేవు చేరుతుంది. అంతకన్నా చల్లబడితే తొక్క నల్లబారి అరటి పండే శక్తినే కోల్పోతుంది. వేడెక్కితే దారిలోనే మాగుతుంది. ఆ ఇరుకైన హద్దుల్లో యంత్రాన్ని నిలిపే పనికి మూలం రెండు నిలువు వరుసల పట్టిక: ఒక వరుసలో పీడనం, మరో వరుసలో ఉష్ణోగ్రత.

వ్యవసాయ చరిత్రకారులు బోరుబావి గురించీ, బిందు సేద్యం గురించీ విస్తృతంగా రాశారు. సాంకేతిక చరిత్రకారులు శీతలీకరణ యంత్రం గురించి రాశారు. ఈ రెండూ కలిసే చోటు మాత్రం తెలుగు పరిశోధనలో దాదాపుగా ఖాళీగానే ఉంది.

2. పొడితనమే నిల్వగా ఉన్న నేల

అనంతపురం ప్రాంతం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి రుతుపవనాలు కనుమల అవతలే తడిని దింపుకొని వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 1882లో బళ్లారి జిల్లా నుంచి అనంతపురం వేరుపడడానికి కొద్ది ఏళ్ల ముందే ఈ నేల ధాత కరువును చవిచూసింది. 1876–78 నాటి ఆ మహాక్షామ కాలంలోనే జర్మనీలో కార్ల్ ఫన్ లిండే అమ్మోనియా కంప్రెసర్‌ను తీర్చిదిద్దుతున్నాడు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. ఒక నేలకు తిండిగింజలే కరవైన రోజుల్లో మరో నేలలో బీరును చల్లబరచే యంత్రం తయారైందన్న కాలసామ్యం మాత్రం గమనార్హం.

ఇక్కడి పాత పంటలకు చల్లదనం అవసరం లేదు. కొర్ర, జొన్న, రాగి గింజలను పాతరల్లోనూ, గాదెల్లోనూ దాచేవారు. ఇరవయ్యో శతాబ్దంలో భూమిని ఆక్రమించిన వేరుశనగ కూడా ఎండితే నిలిచే పంటే. అంటే ఈ పీఠభూమిలో నిల్వ శాస్త్రం అంతా తేమను తరిమే శాస్త్రం. పండ్ల తోటలు విస్తరించిన తర్వాతనే సమస్య తలకిందులైంది. చీనీ, అరటి, దానిమ్మ, బొప్పాయి, కర్బూజ నీటిని మోసే పంటలు. కోసిన తర్వాత కూడా అవి శ్వాసిస్తూ వేడిని విడుస్తాయి. లోతు బోర్లూ, 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకం కింద పరచుకున్న డ్రిప్ గొట్టాలూ ఈ మార్పుకు దోహదం చేశాయి. కనుక ఈ ప్రాంతంలో శీతల గిడ్డంగికి బోరుబావిని తల్లిగా చెప్పుకోవచ్చు. ఆ తల్లికే నీటి కొరత ఉండడం ఐదో విభాగంలో చర్చించే విషయానికి మూలం.

3. పట్టిక పుట్టుక

ద్రవం మరిగే ఉష్ణోగ్రత స్థిరం కాదనీ, దాని మీది పీడనాన్ని బట్టి మారుతుందనీ పద్దెనిమిదో శతాబ్దానికే తెలుసు. ఆ మార్పును అంకెల్లోకి తెచ్చే ప్రయత్నాల్లో జాన్ డాల్టన్ 1801–02 నాటి ప్రయోగాలు ముఖ్యమైనవి. నీటి బాష్పపీడనాన్ని కొలిచిన డాల్టన్ ఒక అడుగు ముందుకు వేసి, అన్ని ద్రవాలకూ తమ తమ మరుగు స్థానం నుంచి సమాన దూరంలో సమాన బాష్పపీడనం ఉంటుందని ఊహించాడు. అది నిజమై ఉంటే ప్రపంచానికి ఒకే పట్టిక సరిపోయేది. అది నిజం కాదు. ప్రతి ద్రవ్యానికీ తనదైన వక్రరేఖ ఉంది. నేటి మెకానిక్ సంచిలో ఇన్ని పట్టికలు ఉండడానికి కారణం ఇదే.

1834లో రెండు సంఘటనలు జరిగాయి. లండన్‌లో జేకబ్ పెర్కిన్స్ బాష్ప సంపీడన యంత్రానికి పేటెంటు పొందాడు. పారిస్‌లో క్లాపేరాన్ కార్నో సిద్ధాంతాన్ని గణిత రూపంలోకి తెస్తూ, మరుగు రేఖ వాలుకూ గుప్తోష్ణానికీ ఉన్న సంబంధాన్ని చూపాడు. ఒకటి యంత్రం, మరొకటి ఆ యంత్రాన్ని అర్థం చేసుకొనే సమీకరణం. ఇద్దరికీ ఒకరి పని ఒకరికి తెలిసిన దాఖలా కనిపించదు. ఆ తర్వాత ఫ్రెంచి ప్రభుత్వ ప్రోత్సాహంతో అన్రి విక్తర్ రెన్యో ఆవిరి ధర్మాలను అంతవరకు ఎవరూ కొలవనంత నిశితంగా కొలిచి 1847లో ప్రచురించాడు. 1904లో రిచర్డ్ మోలియర్ ఎంథాల్పీని అక్షంగా తీసుకొని అంకెలను చిత్రంగా మార్చాడు. 1923లో అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అమ్మోనియా ధర్మాల పట్టికలను 142వ సర్క్యులర్‌గా వెలువరించింది. అమ్మోనియా గిడ్డంగులకు దశాబ్దాల పాటు ప్రమాణగ్రంథంగా నిలిచింది అదే.

భారతదేశానికి చల్లదనం మొదట సరుకుగానే వచ్చింది. 1833లో బోస్టన్ నుంచి ట్యూడర్ ఓడ కలకత్తాకు మంచుగడ్డలు తెచ్చింది. 1842లో మద్రాసు తీరాన ఐస్‌హౌస్ వెలసింది. ఆవిరి యంత్రాలతో ఇక్కడే ఐసు తయారు కావడంతో ఆ వ్యాపారం 1880ల నాటికి అడుగంటింది. తాడిపత్రి, గుత్తి మీదుగా సాగే మద్రాసు–బొంబాయి రైలు మార్గం 1871కే పూర్తయింది. 149 ఏళ్ల తర్వాత అరటి కంటెయినర్లు బయలుదేరింది ఆ పాత మార్గంలోని స్టేషన్ నుంచే.

4. గేజి ముఖం మీది భాష

1849లో యూజెన్ బుర్దోన్ పేటెంటు పొందిన వంపు గొట్టపు గేజి పట్టికను కాగితం నుంచి విడిపించింది. శీతలీకరణ మెకానిక్ వాడే గేజి ముఖాన్ని గమనిస్తే బయటి వలయంలో పీడనం ఉంటుంది. లోపలి వలయాల్లో ఒక్కో ద్రవ్యానికి ఒక్కో రంగులో ఉష్ణోగ్రతలు ముద్రించి ఉంటాయి. అంటే ఒకే సూది రెండు వరుసలనూ ఒకేసారి చూపుతుంది. చూడని వరుసకు మాత్రం అది ఏ సాయమూ చేయలేదు. పనివారిలో ఎక్కువమంది బయటి వలయాన్నే చదువుతారు. ‘సక్షన్ అరవై, డిశ్చార్జి రెండువందల యాభై’ అన్న మాట ఎక్కాల వలె కంఠస్థమై, గురువు నుంచి శిష్యునికి అందుతుంది. ఆ అరవై చదరపు అంగుళానికి అరవై పౌన్లు. 1956 తూనికలు కొలతల చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చి ఆరు దశాబ్దాలు దాటినా, ఈ వృత్తిలో పౌను చలామణిలోనే ఉంది. కర్మాగారం నుంచి వచ్చే పట్టిక బార్‌లలోనో, కిలోపాస్కల్స్‌లోనో ఉండగా గేజి పౌన్లలో ఉండడం సాధారణం.

పదజాలం కూడా పఠనాన్ని ప్రభావితం చేసింది. పాఠ్యపుస్తకం శీతలక ద్రవ్యం అంటుంది. షాపులో అది ‘గ్యాస్’. యంత్రం చల్లబడకపోతే గ్యాస్ అయిపోయింది, గ్యాస్ నింపాలి. కాని పీడన–ఉష్ణోగ్రత పట్టిక వర్ణించేది గ్యాస్‌ను కాదు. ద్రవమూ బాష్పమూ పక్కపక్కనే ఉన్న సంతృప్త స్థితిని మాత్రమే. కూలింగ్ కాయిల్‌లో మరుగుతున్నప్పుడూ, కండెన్సర్‌లో ద్రవమవుతున్నప్పుడూ మాత్రమే పట్టిక వర్తిస్తుంది. కాయిల్ దాటిన గొట్టంలో ఉన్నది నిజమైన బాష్పం. దాని ఉష్ణోగ్రత పట్టికలోని అంకె కంటే ఎంత ఎక్కువో అదే సూపర్‌హీట్. కండెన్సర్ దాటిన ద్రవం పట్టికలోని అంకె కంటే ఎంత తక్కువ ఉంటే అంత సబ్‌కూలింగ్. యంత్రపు ఆరోగ్యం ఈ రెండు తేడాల్లో ఉంది, ఒంటరి పీడనంలో లేదు.

ఒక ఉదాహరణ చాలు. ఆర్–22 నిండిన యంత్రంలో సక్షన్ గేజి 58 పౌన్లు చూపితే పట్టిక ప్రకారం లోపల ద్రవ్యం 0 డిగ్రీల వద్ద మరుగుతోంది. గొట్టం మీద ఉంచిన థర్మామీటరు 6 డిగ్రీలు చూపితే సూపర్‌హీట్ 6. అది 18 చూపితే కాయిల్‌కు ద్రవం చాలడం లేదు. 1 చూపితే కంప్రెసర్‌లోకి ద్రవం చేరే ప్రమాదం ఉంది. మూడు సందర్భాల్లోనూ గేజి చూపింది 58 మాత్రమే.

ఇక్కడొక స్థానిక సవరణ కూడా ఉంది. గేజిలోని సున్నా అంటే శూన్యం కాదు, ఆ ఊరి వాతావరణ పీడనం. సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో అది దాదాపు 0.97 బార్, తీరంలో 1.013. ఈ 0.04 బార్ తేడా ఆర్–22 సక్షన్ వద్ద పావు డిగ్రీ పొరపాటుకు మించదు, పట్టించుకోనక్కరలేదు. అయితే నేటి ఇంటి ఫ్రిజ్‌లలోని ఐసోబ్యూటేన్ వాతావరణ పీడనం కంటే తక్కువలో మరుగుతుంది. మైనస్ 20 డిగ్రీల వద్ద దాని బాష్పపీడనం సుమారు 0.72 బార్ మాత్రమే. అక్కడ అదే తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ అవుతుంది. మద్రాసులో సరిపోయిన అంకె పీఠభూమి మీద కొంచెం జరుగుతుందన్న మాట.

1946లో ప్రారంభమై ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైన ఇంజినీరింగ్ కళాశాల అనంతపురంలోనే ఉంది. ఇంజినీరింగ్ విద్యలో శీతలక పట్టికల పుస్తకం పరీక్ష గదిలోకి అనుమతించే కొద్ది పుస్తకాల్లో ఒకటి. విద్యార్థి ఎంథాల్పీ వరుస దాకా చదవగలడు, గేజి తాకకపోవచ్చు. మెకానిక్ చేతిలో గేజి ఉంటుంది, పుస్తకం ఉండకపోవచ్చు. తెలుగులో ఈ ఇద్దరికీ ఉమ్మడిగా పనికివచ్చే పట్టిక రాకపోవడం భాషా లోపం కాదు. బాష్పపీడనం, గుప్తోష్ణం వంటి మాటలు ఇంటర్మీడియట్ పుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడ్డాయి. లోపం ఆ మాటలను పనిచోటికి చేర్చే బాధ్యత ఎవరూ తీసుకోకపోవడంలో ఉంది.

5. పట్టికలో కనిపించే నీటి ధర

కూలింగ్ కాయిల్ తీసుకున్న వేడి, కంప్రెసర్ చేర్చిన వేడి రెండూ కండెన్సర్ నుంచి బయటికి పోవాలి. పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఫ్యానుతో పొడి గాలిని తోలడం. రెండోది గొట్టాల మీద నీరు చల్లి, ఆ నీరు ఆవిరయ్యేటట్లు చేయడం. మొదటి దారిలో కండెన్సర్ గాలి ఉష్ణోగ్రత కంటే పది పదిహేను డిగ్రీలు వేడిగా ఉండక తప్పదు. రెండో దారిలో హద్దు గాలి ఉష్ణోగ్రత కాదు, తడి బల్బు ఉష్ణోగ్రత.

అనంతపురం వేసవి గాలి వేడిగా ఉంటుంది, కాని పొడిగా ఉంటుంది. మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో సాపేక్ష ఆర్ద్రత 25 శాతం ఉన్నదనుకొంటే తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలు. కుండలో నీరు చల్లబడేది ఈ సూత్రం వల్లనే. తీరాంధ్రలో అదే కుండ అంత చల్లగా ఉండదు. నీటితో చల్లబరిచే కండెన్సర్ ఇక్కడ 35 డిగ్రీల వద్ద పనిచేయగలదు. పొడి గాలి కండెన్సర్ 55 డిగ్రీలకు చేరుతుంది. ఈ రెండు ఉష్ణోగ్రతలనూ పట్టికలోకి తీసుకొనిపోతే అమ్మోనియా పీడనం మొదటి సందర్భంలో సుమారు 13.5 బార్, రెండో సందర్భంలో సుమారు 23. ఆర్–134ఎ అయితే 8.9, 14.9. ఆర్–22కు 13.5, 21.7. ఇవన్నీ నిరపేక్ష పీడనాలు.

పీడనం పెరిగితే కరెంటు పెరుగుతుంది. కాయిల్ 5 డిగ్రీల వద్ద మరుగుతోందనుకొని ఆదర్శమైన కార్నో లెక్క వేస్తే, ఒక యూనిట్ చల్లదనానికి కావలసిన పని ఉష్ణోగ్రతల తేడాకు అనుపాతంలో ఉంటుంది. 35 డిగ్రీల కండెన్సర్‌కు తేడా 30, 55 డిగ్రీల కండెన్సర్‌కు 50. అంటే పని మూడింట రెండు వంతులు పెరిగింది. నిజమైన యంత్రంలో నష్టాలు కూడా తోడవుతాయి. కంప్రెసర్ నుంచి వెలువడే బాష్పం మరింత వేడెక్కి నూనెను దెబ్బతీస్తుంది.

అలాగయితే నీరు చల్లడమే మేలు కదా అనిపిస్తుంది. ఆ నీరెంతో కూడా లెక్క చూడాలి. ఒక కిలోవాట్ వేడిని పంపడానికి గంటకు దాదాపు ఒకటిన్నర లీటర్ల నీరు ఆవిరి కావాలి. 100 కిలోవాట్ల వేడిని పంపే మధ్యతరహా గిడ్డంగి నిరంతరం నడిస్తే రోజుకు సుమారు 3,600 లీటర్లు గాలిలో కలుస్తాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ లవణాలు తొట్టిలో పోగుపడతాయి. లోతు బోర్ల నీటిలో లవణాలు ఎక్కువ. గొట్టాల మీద సున్నపు పొర కట్టకుండా అప్పుడప్పుడు తొట్టి ఖాళీ చేయాలి, ఆ నీరు అదనం. సున్నం కడితే వేడి సరిగా పోదు, పీడనం మళ్లీ పెరుగుతుంది. కాపాడవలసిన పండు ఏ బోరు నీటితో పెరిగిందో, దాన్ని కాపాడే యంత్రమూ ఆ నీటినే అడుగుతుంది.

ఈ కారణంగా అనంతపురంలో డిశ్చార్జి గేజి యంత్రం గురించి మాత్రమే చెప్పదు. నీరుంటే ఒక అంకె, లేకపోతే మరో అంకె. పదును చూసి విత్తే రైతుకు మిల్లీమీటర్ల వర్షపాతం కంటే మట్టి ముద్ద నిజం చెబుతుంది. అదే విధంగా ఈ నేలలో కరవును డిశ్చార్జి పీడనంలో చదవవచ్చు.

కంఠస్థ సంఖ్య ప్రమాదకరమయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆర్–22కు 250 పౌన్ల డిశ్చార్జి అంటే పట్టికలో 47 డిగ్రీలు. పొడి గాలి కండెన్సర్‌కు 33 డిగ్రీల రోజున అది సహజం. 41 డిగ్రీల రోజున అదే ఆరోగ్యవంతమైన యంత్రం 300 పౌన్లు చూపుతుంది, అంటే 55 డిగ్రీలు. 250ని శాశ్వత సత్యంగా నేర్చుకున్న వ్యక్తి గ్యాస్ ఎక్కువైందని భావించి కొంత వదిలేస్తాడు. సూది దిగుతుంది, పని బాగా జరిగినట్లు కనిపిస్తుంది. రాత్రి చల్లబడ్డాక కాయిల్‌కు ద్రవం చాలదు. గది చల్లబడదు, మోటారు ఆగదు. మరుసటి వారం మళ్లీ గ్యాస్ నింపిస్తారు. ఖర్చు గిడ్డంగి యజమానిది, నష్టం కాయ దాచుకున్న రైతుది. వదిలేసిన వాయువు భారం అందరిదీ.

6. పట్టికలు మారిన కాలం

ఆ చివరి మాటకు చరిత్ర ఉంది. థామస్ మిడ్జ్‌లీ బృందం 1928లో రూపొందించి 1930లో ప్రకటించిన ఆర్–12 విషం కాదు, మండదు. అమ్మోనియాతో పోలిస్తే వరమే. ఓజోన్ పొరకు అది చేసే హాని 1970లలో బయటపడింది. 1987 మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 1992లో చేరింది. మందుల ఇన్‌హేలర్ల వంటి మినహాయింపులు తప్ప 2008 ఆగస్టు 1 నుంచి క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తి ఇక్కడ ఆగింది. ఆర్–22 తదితరాలకు 2030 గడువు నడుస్తోంది. 2016 కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్–134ఎ కుటుంబపు వాడకం 2028లో స్తంభించి, 2047 నాటికి 85 శాతం తగ్గాలి.

ఒక్కొక్క నిషేధంతో ఒక్కొక్క పట్టిక పాతబడింది. ఆ మార్పు పఠనానికి ఎంత కష్టం తెచ్చిందో ఆర్–407సి చూపుతుంది. మూడు ద్రవ్యాల ఈ మిశ్రమం ఒకే ఉష్ణోగ్రతలో మరగదు. మరగడం మొదలయ్యే బిందువుకూ ముగిసే బిందువుకూ మధ్య ఆరేడు డిగ్రీల అంతరం ఉంటుంది. అందుచేత పట్టికలో ఒక పీడనానికి రెండు ఉష్ణోగ్రతలు: బుడగ బిందువు, మంచు బిందువు. సబ్‌కూలింగ్‌కు మొదటిది, సూపర్‌హీట్‌కు రెండోది చూడాలి. సక్షన్ 4.6 బార్ ఉండి, మంచు బిందువు 0 డిగ్రీలయితే, బుడగ బిందువు మైనస్ 6కు దగ్గరగా ఉంటుంది. గొట్టం 6 డిగ్రీలు చూపుతోంది. వరుస తప్పి చదివినవానికి సూపర్‌హీట్ 12గా కనిపిస్తుంది, నిజంగా ఉన్నది 6. గ్యాస్ తక్కువైందని నింపితే ఉన్న 6 కూడా పోయి కంప్రెసర్‌లోకి ద్రవం చేరుతుంది. శతాబ్దానికి పైగా ఒక పీడనానికి ఒక ఉష్ణోగ్రత అన్న నమ్మకంతో సాగిన పఠన సంప్రదాయం ఈ మిశ్రమాలతో తెగింది. సాంకేతిక విద్యాచరిత్రలో దీనికి దక్కవలసినంత స్థానం దక్కలేదు.

దీనికి విరుద్ధమైన చిక్కు మరొకటుంది. పాత యంత్రాల నిర్మాణం ఎక్కువగా మార్చనక్కర లేకుండా, పాత వక్రరేఖకు దగ్గరగా ఉండే ద్రవ్యాలనే ప్రత్యామ్నాయాలుగా ఎంచుకొన్నారు. 25 డిగ్రీల వద్ద ఆర్–12 పీడనం సుమారు 6.5 బార్, ఆర్–134ఎ 6.65. గేజి ఈ రెండింటినీ విడదీసి చూపలేదు. వీటి నూనెలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఆర్–22కూ ప్రొపేన్ అయిన ఆర్–290కీ ఇదే పోలిక: 0 డిగ్రీల వద్ద 4.98, 4.74. వీటిలో మొదటిది సులభంగా మండదు, రెండోది వంటగ్యాస్ బంధువు. యంత్రం మీది లేబులు ఎండకు చెరిగిపోయి, ఎవరు ఎప్పుడు ఏది నింపారో రాసి ఉండని చోట, వెల్డింగు మంట వెలిగించే ముందు గేజి ఇచ్చే సాక్ష్యం చాలదు.

యంత్రాన్ని ఆపి, రాత్రంతా వదిలి, తెల్లవారి గొట్టాలన్నీ గాలి ఉష్ణోగ్రతకు వచ్చాక పీడనం చూసి పట్టికతో సరిపోల్చడం ఈ వృత్తిలోని పాత పరీక్ష. అంకె పట్టిక కంటే ఎక్కువగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఎంత గ్యాస్ ఉన్నదీ ఈ పరీక్షలో తెలియదు. చెంచాడు ద్రవమైనా, పీపాడు ద్రవమైనా పీడనం ఒకటే. లోపల ఉన్నది ఏ ద్రవ్యమో ముందే తెలిస్తే తప్ప ఏ వరుసతో పోల్చాలో కూడా తెలియదు. అందువల్ల గ్యాస్ నింపిన తేదీ, ద్రవ్యం పేరు, తూకం రాసిన చీటీని కొందరు మెకానిక్‌లు యంత్రపు తలుపు లోపలి వైపు, ఎండ తగలని చోట అంటిస్తారు.